డీజిల్ తగ్గిందని మెసేజ్, తీయలేదంటున్న డ్రైవర్

జీపీఎస్‌తో పాటు అదనంగా పెట్టించుకునే వాటిలో ఎక్కువ గొడవలు తెచ్చేది ఫ్యూయల్ సెన్సారే. డ్రైవర్‌ను నిలదీసే ముందు ట్యాంకు దగ్గరికి వెళ్ళి చూడండి.

సమస్య: ఘాట్‌లో 15 లీటర్లు మాయం, దిగాక మళ్ళీ ప్రత్యక్షం.
కారణం: దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే లారీలో డీజిల్ ట్యాంకు వెనక్కి చేరుతుంది. ట్యాంకులోకి దింపే సెన్సార్ రాడ్‌ను ఒక చివర బిగిస్తే లెక్క తప్పుతుంది.
పరిష్కారం: రాడ్ ట్యాంకు నడిమధ్యన ఉండాలి. బండి ఆగి ఉన్నప్పుడు తగ్గితేనే దొంగతనం అలర్ట్ వచ్చేలా సెట్ చేయించండి.

సమస్య: బంకులో 100 పోస్తే 85 చూపిస్తోంది.
కారణం: ఫిట్టర్ "ఒకే మోడల్ కదా" అని వేరే లారీ క్యాలిబ్రేషన్ పట్టికను (ఏ రీడింగ్‌కు ఎన్ని లీటర్లో చెప్పేది) ఎక్కించి ఉంటాడు. సొట్టపడిన ట్యాంకుకు అది పనికిరాదు.
పరిష్కారం: ట్యాంకు ఖాళీ చేసి, 20 లీటర్ల చొప్పున పోస్తూ ప్రతిసారీ రీడింగ్ నమోదు చేయించాలి. సగం రోజు పని. ఫిట్టర్ విసుక్కుంటాడు, పట్టించుకోకండి.

డీజిల్ పోయకుండానే రీడింగ్ పెరిగితే అడుగున నీళ్ళు చేరాయేమో చూడాలి. కెపాసిటివ్ రకం రాడ్, తన చుట్టూ ఉన్న ద్రవం విద్యుత్ గుణాన్ని (డైఎలక్ట్రిక్ స్థిరాంకాన్ని) బట్టి లెక్క కడుతుంది. ఆ అంకె డీజిల్‌కు 2 దగ్గర, నీటికి 80 దగ్గర. అందుకే కాసిని నీళ్ళకే రీడింగ్ ఎగిరిపడుతుంది. ట్యాంకు అడుగు డ్రెయిన్ చేయించి, డీజిల్ నుంచి నీటిని వేరుచేసే వాటర్ సెపరేటర్ కూడా చూపించండి.

సమస్య: పాల వ్యాన్‌లో ఉష్ణోగ్రత ఉన్నట్టుండి 85 డిగ్రీలు!
కారణం: టెన్షన్ వద్దు, పాలు మరగడం లేదు. డీఎస్18బీ20 రకం సెన్సార్‌కు కరెంటు అందగానే ఉండే మొదటి అంకె అది. వైరు వదులై, కరెంటు పోయి వస్తుంటే అదే కనిపిస్తుంది.
పరిష్కారం: తలుపు కీలు దగ్గర నలిగిన వైరు, తడిసిన కనెక్టర్ మార్చండి.

సమస్య: తాళంచెవి తీసేసినా జీపీఎస్ ఇంజన్ ఆన్ అంటోంది.
కారణం: ఇంజన్ ఆన్‌లో ఉందో లేదో జీపీఎస్‌కు చెప్పే ఇగ్నిషన్ వైరును నేరుగా బ్యాటరీ లైనుకు కలిపారు.
పరిష్కారం: తాళంచెవి తీస్తే సున్నా, పెట్టి తిప్పితే లారీలో 24 వోల్టుల దాకా వచ్చే వైరును మల్టీమీటర్‌తో వెతికి దానికి కలపాలి.

ఇంజన్‌ను దూరం నుంచే ఆపే స్విచ్, అంటే ఇంజన్ కట్ రిలే కాలిపోతుంటే మాత్రం ముందు దాని మీద వోల్టుల అంకె చదవండి. కారుకు పెట్టే 12 వోల్టులదాన్నే లారీకి బిగించి ఉండొచ్చు.