పాత హార్డ్ డిస్కులతో ఇంకో సర్వర్‌లో స్టోరేజ్ పెంచుకోవడం ఎలా?

సర్వర్ మార్చినప్పుడు తీసిన డిస్కులు అల్మరాలో ఊరికే పడి ఉంటే నిక్షేపంగా వాడుకోవచ్చు, కానీ ఒక్క షరతు: వాటిలో పెట్టే డేటాకి ఇంకో కాపీ వేరే చోట ఉండి తీరాలి. బ్యాకప్‌లు, సీసీ కెమెరా రికార్డింగులు పెట్టుకోండి. ఆఫీసు లెక్కల డేటాబేస్ మాత్రం వద్దు.

ముందు కనెక్షన్ చూడండి. డిస్క్ కనెక్షన్లు రెండు రకాలు: మామూలు పీసీల్లో ఉండే సాటా, సర్వర్లలో కనిపించే శాస్. సాటా డిస్క్ శాస్ కంట్రోలర్ మీద పనిచేస్తుంది, శాస్ డిస్క్ మాత్రం సాటా పోర్టులో అసలు కూర్చోదు.

ఇక డిస్క్ పరీక్ష. పాత డేటాలో కావలసింది ఏమైనా ఉంటే ముందే తీసుకోండి. సాటా డిస్క్ అయితే స్మార్ట్‌సీటీఎల్ (లినక్స్‌లో డిస్క్ ఆరోగ్యం చూపించే కమాండ్) రిపోర్టులో 5 (పాడైపోతే వేరేవాటితో మార్చిన సెక్టార్లు, అంటే డేటా ఉండే చిన్న గడులు), 197, 198 (పరీక్షలో చదవలేకపోయిన సెక్టార్లు) నంబర్ల వరసలు చూడాలి. 9వ వరసలో ఎన్ని గంటలు తిరిగిందో ఉంటుంది, అది ఎక్కువున్నంత మాత్రాన పారేయక్కర్లేదు. 197లో, అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్ల దగ్గర, సున్నా కాకుండా ఏదైనా కనిపిస్తే బ్యాడ్‌బ్లాక్స్ అనే కమాండ్‌తో డిస్క్ మొత్తం ఒకసారి రాయించి (ఉన్నదంతా పోతుంది, పెద్ద డిస్కులకి రోజులు కూడా పడుతుంది) మళ్ళీ రిపోర్ట్ తీయండి. అప్పటికీ అలాగే ఉన్నా, 5వ వరసలో అంకె పెరుగుతూ పోతున్నా ఆ డిస్క్ మీద ఆశ వదిలేసుకోండి.

తుడిచే ముందు, రాయించే ముందు సీరియల్ నంబర్ సరిచూసుకోండి. లినక్స్ డిస్కులకి ఇచ్చే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లు రీబూట్ చేస్తే అటూఇటూ మారిపోవచ్చు, స్టిక్కర్ మీద ఉన్న సీరియల్ మాత్రం మారదు. తర్వాత వైప్‌ఎఫ్‌ఎస్ కమాండ్‌తో పాత రెయిడ్, ఎల్‌వీఎం (రెండూ చాలా డిస్కుల్ని కలిపి వాడే పద్ధతులు) గుర్తులన్నీ తీసేయండి, లేకపోతే కొత్త సర్వర్ ఆ పాత రెయిడ్‌ని తనంతట తానే లేపడానికి చూస్తుంది.

కలపడానికి చాలామంది ఎల్‌వీఎం వాడతారు: పీవీక్రియేట్, వీజీఎక్స్‌టెండ్, ఎల్‌వీఎక్స్‌టెండ్, మూడు కమాండ్లతో పని అయిపోతుంది. పాత డిస్కులకి నేనైతే ఇది వద్దంటాను, ఎందుకంటే ఒకే ఫైల్ సిస్టమ్ నాలుగు డిస్కుల మీద పరుచుకుని ఉన్నప్పుడు వాటిలో ఒక్కటి పోయినా మిగతా మూడింట్లో ఉన్నదాన్ని కూడా మామూలుగా తెరవలేం. దాని బదులు ప్రతి డిస్క్‌నీ విడిగా ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ సిస్టమ్)గా ఫార్మాట్ చేసి, మెర్జర్‌ఎఫ్‌ఎస్ అనే ప్రోగ్రామ్‌తో ఒకే ఫోల్డర్‌లా చూపించండి. ఒకటి పోతే దానిలో ఉన్న ఫైళ్ళే పోతాయి. తరచూ మారని ఫైళ్ళయితే స్నాప్‌రెయిడ్ (డిస్క్ పోతే దానిలోని ఫైళ్ళు తిరిగి తెచ్చుకునే ప్రోగ్రామ్) కూడా జోడించవచ్చు, దాని ప్యారిటీ డిస్క్ (ఆ తిరిగి తెచ్చుకునే లెక్కలు దాచే డిస్క్) సైజు మిగతావాటిలో పెద్దదానికి తగ్గకూడదు.

ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కులు ఎక్కించాలో రాసే ఫైల్) యూయూఐడీతో, అంటే ఫైల్ సిస్టమ్‌కి ఉండే మారని గుర్తింపు నంబర్‌తో ఎక్కించి, నోఫెయిల్ అనే ఆప్షన్ తప్పకుండా రాయండి, అప్పుడు ఏ డిస్క్ చచ్చినా సర్వర్ బూట్ ఆగదు.

500 జీబీవి నాలుగు పెట్టాలనుకుంటే కరెంటు లెక్క కూడా చూసుకోండి. 3.5 అంగుళాల డిస్క్ తిరుగుతూ ఉంటే సుమారు 5 నుంచి 8 వాట్లు తింటుంది, నాలుగు కలిస్తే నెలకి దాదాపు 20 యూనిట్లు. దానికన్నా 2 టీబీది ఒక్కటి నయం.

చివరగా స్మార్ట్‌డీ (డిస్కుల్ని ఎప్పుడూ గమనిస్తూ ఉండే సర్వీస్) ఆన్ చేసి, వారానికోసారి టెస్ట్ నడిచేలా, తేడా వస్తే మెయిల్ వచ్చేలా పెట్టండి. 197లో అంకె కదిలిన రోజే డేటాని వేరే డిస్క్‌కి మార్చేయండి.