ఇంట్లో యానిమేషన్ – 7వ పాఠం: కరెంటు పోయినా రెండరింగ్ పోకుండా

గత పాఠంలో శాంపిల్స్ (ఒక్కో చుక్క రంగు తేల్చడానికి కాంతిని ఎన్నిసార్లు లెక్కించాలో చెప్పేవి) సంఖ్య తగ్గించుకుంటూ వచ్చి, యానిమేషన్ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో మన సాధన దృశ్యం రెండరింగ్‌కు, అంటే లెక్కగట్టి బొమ్మలుగా మార్చడానికి, ఒక్కో ఫ్రేముకు (ఒక్కో నిశ్చల చిత్రానికి) సుమారు 4 నిమిషాలు తీసుకునే స్థితికి చేరుకున్నాం. మొత్తం 250 ఫ్రేములు కనుక 1,000 నిమిషాలు, అంటే 16 గంటల 40 నిమిషాలు కంప్యూటర్ ఆగకుండా పనిచేయాలి. తెరమీద చూస్తే ఇది 10 సెకన్లకు కాస్త ఎక్కువ నిడివి మాత్రమే. విశాఖపట్నంలో ఇంటి దగ్గర పనిచేసేవారు అంతసేపు కరెంటు కన్నార్పకుండా ఉంటుందని నమ్ముకుని కూర్చోలేరు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేస్తే కొబ్బరి మట్ట ఒకటి తీగల మీద పడినా చాలు. అక్టోబరు, నవంబరు వాయుగుండాల కాలం సంగతి చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు నగరంలో చాలా ప్రాంతాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంత పెద్ద ఆపద కూడా అక్కర్లేదు, సెకనులో వచ్చిపోయే కోత కూడా కంప్యూటర్‌ను ఆపేస్తుంది.

ఈ మాట చెప్పగానే చాలామంది యూపీఎస్ కొనడానికి బయలుదేరతారు. నా అభిప్రాయం వేరు. కరెంటు ఎప్పుడు పోయినా ఒక్క ఫ్రేముకు మించి నష్టం రాకుండా పనిని ముందు అమర్చుకోవాలి. యూపీఎస్ ఆ తరువాతి సంగతి. పైసా ఖర్చు లేని ఈ అమరికే పాఠంలో ముఖ్యభాగం.

మొదటి నియమం, రెండరింగ్‌ను ఎన్నడూ నేరుగా వీడియో ఫైలుగా తీయకండి. ఎంపీ4 ఫైలులో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచికను సాధారణంగా అంతా ముగిశాకే రాస్తారు. 181వ ఫ్రేము దగ్గర కరెంటు పోయిందనుకుందాం. అప్పటికి పూర్తయిన 180 ఫ్రేముల సమాచారం డిస్కులో ఉన్నప్పటికీ, సూచిక లేని ఆ ఫైలును ఏ ప్లేయరూ తెరవలేదు. 12 గంటల పని వృథా అవుతుంది. దీనికి బదులు అవుట్‌పుట్ విభాగంలో పీఎన్‌జీ గానీ ఓపెన్ ఈఎక్స్‌ఆర్ గానీ (రెండూ బొమ్మల ఫైలు రకాలే) ఎంచుకుంటే ఒక్కో ఫ్రేము పూర్తికాగానే విడి బొమ్మగా భద్రమవుతుంది. అదే ప్రమాదంలో అప్పుడు పోయేది నాలుగు నిమిషాల పని మాత్రమే. రంగులు తరువాత సవరించే ఉద్దేశం ఉంటే ఓపెన్ ఈఎక్స్‌ఆర్ మేలు, లేకపోతే పీఎన్‌జీ చాలు. బొమ్మలన్నిటినీ వీడియోగా కూర్చడం కొద్ది నిమిషాల పని, దాన్ని వచ్చే పాఠంలో చూద్దాం.

అవుట్‌పుట్ ఫోల్డర్‌ను తప్పకుండా మార్చండి. బ్లెండర్ మొదట చూపే చోటు తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్. లైనక్స్ వాడేవారిలో చాలామందికి కంప్యూటర్ మళ్లీ వెలిగినప్పుడు ఆ ఫోల్డర్ ఖాళీ అయిపోతుంది, అంటే భద్రంగా దాచిన ఫ్రేములు కూడా పోతాయి. ప్రాజెక్టు ఫైలు పక్కనే ఒక ఫోల్డర్ పెట్టి, పేరు చివర నాలుగు హ్యాష్ గుర్తులు ఉంచితే ఫ్రేములకు 0001 నుంచి వరుస సంఖ్యలు పడతాయి.

అక్కడే ఓవర్‌రైట్, ప్లేస్‌హోల్డర్స్ అని రెండు గడులు ఉంటాయి. ఓవర్‌రైట్ దగ్గరి టిక్ తీసేస్తే, ఫోల్డర్‌లో ఇప్పటికే ఉన్న ఫ్రేములను బ్లెండర్ దాటవేసి లేనివాటిని మాత్రమే తయారు చేస్తుంది. కరెంటు వచ్చాక మీరు చేయవలసిందల్లా మళ్లీ రెండర్ యానిమేషన్ నొక్కడమే. ప్లేస్‌హోల్డర్స్ మాత్రం ఒకే ఫోల్డర్‌లోకి రెండు మూడు కంప్యూటర్లు కలిసి రెండర్ చేస్తున్నప్పుడు అవసరపడేది. అది ఫ్రేము మొదలుపెట్టే ముందే ఆ పేరుతో ఖాళీ ఫైలును సృష్టిస్తుంది. ఒక్క కంప్యూటర్ ఉన్నవారు దాన్ని వదిలేయడమే మంచిది, ఎందుకంటే కోత పడినప్పుడు మిగిలిపోయే ఆ ఖాళీ ఫైలును చూసి బ్లెండర్ ఆ ఫ్రేము అయిపోయిందనే అనుకుంటుంది.

అందుకే కరెంటు రాగానే ఆత్రంగా బటన్ నొక్కకండి. ముందు ఫోల్డర్ తెరిచి, ఫైళ్లను తేదీ వరుసలో పెట్టి, పరిమాణం గడిని చూడండి. మిగతావన్నీ ఇంచుమించు 6 ఎంబీ చొప్పున ఉండగా చివరిది 2 ఎంబీ దగ్గరో సున్నా దగ్గరో ఆగి ఉంటే అది సగంలో తెగిపోయినదని అర్థం. పరిమాణం సరిగ్గానే ఉన్నా లోపలి సమాచారం డిస్కుకు చేరకపోయే అవకాశం కూడా ఉంది. కాబట్టి చివరి మూడు ఫ్రేములను సందేహించకుండా తొలగించండి. 12 నిమిషాలు పోతే పోనివ్వండి, పాడైన ఫ్రేము ఒకటి పూర్తయిన వీడియోలో బయటపడటం అంతకంటే పెద్ద తలనొప్పి.

ఇలా మధ్యలో ఎత్తుకోవాలంటే 181వ ఫ్రేము తనకు ముందున్న ఫ్రేముల లెక్కల మీద ఆధారపడకూడదు. దృశ్యంలో గుడ్డ కదలిక, నీళ్లు, పొగ వంటి సిమ్యులేషన్లు (కంప్యూటరే లెక్కగట్టే కదలికలు) ఉంటే వాటిని రెండరింగ్‌కు ముందే డిస్కు మీదికి బేక్ చేసి, అంటే ఆ లెక్కలు కట్టించి దాచి, పెట్టండి. లేదంటే మళ్లీ మొదలుపెట్టిన చోట చీర కొంగు ఒక్కసారిగా మరో ఆకారంలోకి దూకుతుంది. అలాగే రెండర్ కోసం ప్రాజెక్టు ఫైలుకు వేరే కాపీ తీసి, పని పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోకండి. ఖాళీగా ఉన్నాం కదా అని మధ్యలో దృశ్యంలోని దీపం కాస్త పెంచితే అతుకు దగ్గర వెలుగు మారుతుంది.

యానిమేషన్ కాకుండా గంటల తరబడి నడిచే ఒకే బొమ్మ అయితే విడగొట్టడానికి ఫ్రేములు ఉండవు కదా అన్న ప్రశ్న వస్తుంది. దానికీ దారి ఉంది. బ్లెండర్‌లోని రెండరింగ్ ఇంజిన్ అయిన సైకిల్స్‌లో 2,048 శాంపిల్స్‌తో ఒకసారి తీసే బదులు, సీడ్ సంఖ్య (బొమ్మలో గింజల్లాంటి చుక్కలు ఎక్కడ పడతాయో మార్చేది) మారుస్తూ 256 శాంపిల్స్ చొప్పున ఎనిమిదిసార్లు ఓపెన్ ఈఎక్స్‌ఆర్‌లో తీసి, ఆ ఎనిమిదింటి సగటును కంపోజిటర్‌లో (బ్లెండర్‌లో బొమ్మలను కలిపే విభాగంలో) కట్టండి. ఒక్కోదానిలో గింజలు వేర్వేరు చోట్ల పడతాయి గనుక సగటులో అవి సమసిపోతాయి. నాయిస్ థ్రెషోల్డ్‌ను (గింజలు తగ్గిన చోట శాంపిల్స్ ముందే ఆపే అమరికను), డీనాయిజ్‌ను (గింజలను చెరిపే సాధనాన్ని) విడి బొమ్మలకు ఆపేసి, డీనాయిజ్‌ను చివరి సగటు మీద మాత్రమే వాడాలి.

ఇక యూపీఎస్. 600 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) అని రాసి ఉన్న చిన్న పెట్టె సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తుంది. అందులో 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటే దాని శక్తి కాగితం మీద 84 వాట్ అవర్లు. 300 వాట్లు లాగే కంప్యూటర్‌కు అది లెక్క ప్రకారమే 17 నిమిషాలకు మించదు, అంత భారం మీద నిజంగా వచ్చేది అందులో చాలా తక్కువ. దాన్ని నమ్మి రెండరింగ్ పూర్తి చేయలేం. క్షణాల కోతలను దాటించడానికి, పెద్ద కోత అయితే కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపడానికి అది పనికొస్తుంది. యూఎస్‌బీ కేబుల్ ఉన్న రకం కొంటే బ్యాటరీ తగ్గగానే కంప్యూటర్ తానే ఆగేలా పెట్టుకోవచ్చు. ఫ్యాన్ల కోసం పెట్టిన ఇన్వర్టర్ మీద నడిపేవారు దాన్ని యూపీఎస్ మోడ్‌లో ఉంచాలి. కంప్యూటర్ పవర్ సప్లై కోతను తట్టుకునేది సుమారు 16 మిల్లీసెకన్లు, మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ మారడానికి అంతకంటే ఎక్కువ సమయం పట్టవచ్చు.

కరెంటు ఉన్నా కంప్యూటర్ ఆగే సందర్భాలున్నాయి. రాత్రి పెట్టేముందు స్లీప్‌ను ఆపి, విండోస్ అప్‌డేట్‌ను వారం పాటు వాయిదా వేయండి. కేబినెట్‌లోని దుమ్ము దులపండి. సముద్రపు ఉక్కలో, మూసిన గదిలో వేడి మరీ పెరిగితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి యంత్రాన్ని ఆపేస్తుంది.

ఈ వారం సాధనకు శాంపిల్స్ బాగా తగ్గించి 20 ఫ్రేములు రెండర్‌కు పెట్టండి. పదో ఫ్రేము నడుస్తుండగా టాస్క్ మేనేజర్ నుంచి బ్లెండర్‌ను ముగించండి, ప్లగ్ మాత్రం పీకకండి. పైన చెప్పినట్టు ఫోల్డర్ సరిచూసి, చివరి మూడు తొలగించి, మళ్లీ మొదలుపెట్టండి. 6, 7 ఫ్రేములను తెరమీద ఒకదాని తరువాత ఒకటి తిప్పి చూసినప్పుడు వెలుగో గుడ్డ మడతో దూకినట్టు కనిపిస్తే బేక్ చేయని సిమ్యులేషన్ ఎక్కడో మిగిలి ఉంది. దాన్ని వెతికి పట్టుకున్నాకే 250 ఫ్రేములకు వెళ్లండి.