వేపగింజ ఊళ్లో ఉంటేనే మందు డబ్బా ఆగుతుంది: నగరం చుట్టుపక్కల కూరగాయ రైతుల సంఘాలకు

చేవెళ్ల, షాబాద్, శంకర్‌పల్లి, ఇబ్రహీంపట్నం వైపు పండే వంకాయ, టమాట, బెండ హైదరాబాద్ రైతుబజార్లకు వస్తాయి. ఈ పంటల్లో మందు తగ్గించాలనుకునే సంఘం ముందు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) 2004-05లో మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సాగు మొదలుపెట్టినప్పుడు, రైతులకు మందు మానమని చెప్పి ఊరుకోలేదు. తోటి రైతునే ఊళ్లో కార్యకర్తగా పెట్టింది. వేపపొడి అమ్మే ఎన్‌పీఎం (పురుగుమందులు లేని సాగు) దుకాణాలను సంఘాల చేతుల్లో పెట్టింది. పురుగు కనిపించిన రోజే సరుకు అందకపోతే రైతు మళ్లీ మందుల షాపుకే వెళ్తాడు. అది అతని తప్పు కాదు.

అందుకే పని పైరు వేశాక కాదు, వేపపండ్లు రాలేటప్పుడే మొదలవ్వాలి. ముందు లెక్క వేసుకోండి. ఎకరాకు ఒక పిచికారీకి 10 కిలోల వేపపప్పు కావాలి. మూడు పిచికారీల చొప్పున 20 ఎకరాలకు 600 కిలోలు. పెంకు తీస్తే పప్పు దాదాపు సగమే మిగులుతుంది కాబట్టి ఎండు గింజ 1,200 కిలోలు సేకరించాలి. పండిన పండ్లనే ఏరి, నీళ్లలో పిసికి గుజ్జు పూర్తిగా తీసేయండి. కడిగిన గింజను నీడలో పలుచగా పరిచి ఆరబెట్టి, గాలి ఆడే గోనెసంచుల్లో నింపండి. ప్లాస్టిక్ సంచిలో పోస్తే బూజు పడుతుంది, ఆ గింజ పనికిరాదు. మూడు నెలలు నిండిన గింజ వాడాలి, పది నెలలు దాటినది వద్దు. నిల్వ గింజగానే ఉంచి, కావలసినప్పుడే పొడి కొట్టుకోండి. పొడి కాస్త గరుకుగా ఉండాలి. మెత్తగా రుబ్బితే నూనె బయటికొచ్చి ముద్దవుతుంది.

కషాయం 100 లీటర్లకు: 5 కిలోల పప్పు పొడిని పలుచని గుడ్డలో మూటగట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున మూటను పాలలాంటి ద్రవం రావడం ఆగేదాకా మళ్లీ మళ్లీ పిండండి. వడకట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, నీళ్లతో 100 లీటర్లు చేయండి. ఎకరాకు 200 లీటర్లు పడుతుంది. సబ్బు వేయకపోతే ద్రావణం ఆకుకు అంటదు. వడకట్టడంలో అశ్రద్ధ చేస్తే నాజిల్ మూసుకుపోతుంది. కలిపిన రోజే, సాయంత్రం ఎండ తగ్గాక కొట్టండి. వేపలో పురుగు మీద పనిచేసే పదార్థం అజాడిరక్టిన్, అది ఎండకు త్వరగా చెడిపోతుంది.

"కొట్టాం, పురుగు చావలేదు" అనే మాట దాదాపు ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. వేప తాకగానే చంపే విషం కాదు. పురుగును తిననివ్వదు, కుబుసం విడవనివ్వదు, అందుకే గుడ్లు, పిల్లపురుగుల దశలో కొట్టాలి. వేలంత పురుగు మీద దాని ప్రభావం కనిపించదు, దాన్ని చేత్తో ఏరేయడమే. ఆ దశను పట్టుకోవాలంటే వారానికి రెండుసార్లు చేనంతా తిరిగి ఆకు తిప్పి చూడాలి. కషాయం ఎంత బాగా చేసినా, ఈ తిరుగుడు లేకపోతే ఫలితం ఉండదు.

వంకాయ రైతుకు ఇంకో మాట. కొమ్మ, కాయ తొలుచు పురుగు కొనలోపల దాక్కుంటుంది, దాని దాకా ఏ పిచికారీ చేరదు. వడలిపోయిన కొనలను ప్రతి వారం తుంచి, గుంటలో పూడ్చండి. నిఘాకు ఎకరాకు 5 లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసన ఎరతో మగ పురుగులను రప్పించి పట్టేవి) చాలు. మగ రెక్కల పురుగులను పెద్దఎత్తున పట్టాలంటే 40 దాకా కావాలి. బుట్ట పైరు కొనకంటే కాస్త ఎత్తులో ఉండాలి, పైరు పెరిగేకొద్దీ పైకి జరపాలి. ఎర బిళ్లను నెలకోసారి మార్చాలి. పాత వంగకట్టెను వంటచెరకుగా గట్టున పేర్చుకుంటే మాత్రం, దానిలోంచే రెక్కల పురుగులు వచ్చి కొత్త తోటలో గుడ్లు పెడతాయి. చాలా చోట్ల పురుగు ఏటా తిరిగి రావడానికి కారణం ఆ కట్టెలమోపే.

టమాటలో 16 వరుసలకు ఒక వరుస బంతి వేయండి. బంతి నారు 40 రోజులది, టమాట నారు 25 రోజులది నాటితే రెండూ ఒకేసారి పూతకొస్తాయి, కాయతొలుచు పురుగు బంతి మీద గుడ్లు పెడుతుంది. నారు వయసు కుదరకపోతే బంతి ఎరగా పనిచేయదు. బెండలో తెల్లదోమ, పచ్చదోమలకు ఎకరాకు 10 నుంచి 20 పసుపు జిగురు అట్టలు పెట్టండి, దుమ్ము పట్టగానే మార్చండి. యూరియా ఎక్కువైతే రసం పీల్చే పురుగులు ఎగబడతాయి కాబట్టి దాన్నీ తగ్గించాలి.

ప్రభుత్వం వైపు నుంచి ఏం అడగాలి? రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) దగ్గరకు ఒక్కొక్కరుగా కాక సంఘంగా వెళ్లి, లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టల మీద రాయితీ ఉందేమో సీజన్‌కు ముందే అడగండి. ట్రైకోడెర్మా (తెగుళ్లను అడ్డుకునే మేలైన శిలీంధ్రం) వంటి జీవ నియంత్రణ కారకాలను ఊళ్లోనే తయారుచేయడం రాజేంద్రనగర్‌లోని కేంద్ర మొక్కల ఆరోగ్య సంస్థ ఎన్‌ఐపీహెచ్‌ఎం నేర్పుతుంది, అక్కడికి ఇద్దరిని పంపితే మిగతా వాళ్లకు వాళ్లే చెబుతారు. సేంద్రియ సాగు కోసం 2015లో వచ్చిన కేంద్ర పథకం పరంపరాగత్ కృషి వికాస్ యోజన 20 హెక్టార్ల క్లస్టర్‌ పద్ధతిలో సాగేది. రైతులే ఒకరికొకరు హామీగా నిలిచే సేంద్రియ ధ్రువీకరణ పీజీఎస్‌కు కనీసం ఐదుగురు రైతుల బృందం ఉండాలి, ఒకరి చేను ఒకరు తనిఖీ చేసుకోవాలి. ఇక్కడ పొరపాటు పడకండి: పీజీఎస్‌లో రసాయన ఎరువులు కూడా మానాలి. పురుగుమందులొక్కటే మానేసిన పంటను రైతుబజారులో సేంద్రియం అని అమ్మకూడదు, "పురుగుమందు కొట్టనిది" అనే చెప్పాలి.

తప్పనిసరై మందు కొట్టాల్సి వస్తే, డబ్బా లేబుల్‌పై మీ పంట పేరు ఉందో లేదో చూడండి. రెండు మూడు మందులు కలపకండి. లేబుల్‌లో చెప్పిన రోజులు గడిచాకే కోయండి, ఆ తేదీని సంఘం పుస్తకంలో రాయించండి.