గుమ్మజ్ ఎప్పటిదో మీరే తేల్చుకోవడం ఎలా

కర్నూలులో హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్ ఉంది కదా, బిజాపూర్ తరఫున కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి. ఎవర్ని అడిగినా బిజాపూర్ గోల్ గుంబజ్ చూసి కట్టారనే అంటారు, నేనూ చాన్నాళ్లు అదే చెప్పుకుంటూ తిరిగాను. ఒక్కసారి తేదీలు పక్కపక్కన పెట్టండి. మనది 1618 నాటిదని రాస్తారు. బిజాపూర్‌ది అక్కడి సుల్తాను మహమ్మద్ ఆదిల్ షా సమాధి, ఆయన గద్దె ఎక్కిందే 1627లో. మరి ఎవర్ని చూసి ఎవరు కట్టినట్టు? పోల్చాలంటే అంతకుముందు 1580 నుంచి బిజాపూర్‌ని ఏలిన రెండో ఇబ్రహీం ఆదిల్ షా కాలపు కట్టడాలతో పోల్చాలి. ఇలాంటివి పట్టుకోవడమే పరిశోధన, డిగ్రీ లేకపోయినా చేయొచ్చు.

ముందు ఒక్క కట్టడమే తీసుకోండి. "రాయలసీమలో ఇస్లామిక్ కళ" అని మొదలుపెడితే ఈ జన్మకి తెమలదు.

వెళ్లగానే శాసనం పలక వెతకండి. సాధారణంగా గుమ్మం పైన గానీ, మసీదైతే మిహ్రాబ్ (నమాజు దిక్కు చూపే గోడ గూడు) దగ్గర గానీ ఉంటుంది. అక్షరం అరిగిపోయి ఉంటే టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి, గోడకి ఆనించినంత వాలుగా పట్టి ఫొటో తీయండి, నీడలు పడి గీతలు తేలతాయి. సుద్ద, పసుపు, నూనె మాత్రం రాయొద్దు. ఇప్పటికే చాలాచోట్ల ఎనామిల్ పెయింట్ కొట్టి సగం ఆధారం పూడ్చేశారు, అది చాలు.

పలక మీది ఫారసీ చదవడం రాకపోయినా అంకెలు ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి. నేను బోల్తా పడింది మాత్రం ఇక్కడే: గుండ్రంగా ఉన్నదాన్ని సున్నా అనుకున్నా, అది ఐదు. అసలు సున్నా ఉత్త చుక్క, దాన్నేమో సున్నం మరక అనుకుని వదిలేశా. ఏడు ఇంగ్లీషు వీ లాగా ఉంటుంది, ఎనిమిది దాన్నే తిరగేసినట్టు.

ఆ సంవత్సరం హిజ్రీ, అంటే ముస్లిం కేలండర్‌ది. చాంద్రమానం కాబట్టి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ, అందుకే 622 కలిపేస్తే సరిపోదు. 0.97తో గుణించి అప్పుడు 622 కలపండి. 1073 అని ఉంటే 1662-63 అన్నమాట.

కొన్నిసార్లు అంకెలే ఉండవు, ఏడాదిని పద్యం అక్షరాల్లో దాచేస్తారు, ఒక్కో అక్షరానికీ ఒక్కో అంకె విలువ ఉంటుంది. ఆటోల వెనక 786 చూస్తుంటారు కదా, బిస్మిల్లా వాక్యంలో అక్షరాల విలువలన్నీ కూడితే వచ్చే లెక్క అది. అదే పద్ధతి. ఈ ముడి మీరొక్కరే విప్పాలని కూర్చోవద్దు, ఫారసీ తెలిసిన ఉర్దూ మాస్టారికో మసీదు ఇమాం గారికో ఫొటో చూపించండి.

తర్వాత అచ్చులో ఏముందో చూడాలి. అరబీ, ఫారసీ శాసనాల కోసం కేంద్ర పురావస్తు శాఖకు నాగపూర్‌లో ప్రత్యేక విభాగం ఉంది. వాళ్ల పాత సంపుటాలు ఎపిగ్రాఫియా ఇండో-మోస్లెమికా పేరుతో వచ్చాయి, కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. ఊరి కథల కోసమైతే కడప బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి కైఫియత్తులు తిరగేయండి, కుంపిణీ కాలపు అధికారి కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన ఊరి వివరాలవి. అవి చెప్పింది చెప్పినట్టు రాసుకున్న కథలు, కాబట్టి పలక మీద ఒకటి, కైఫియత్తులో ఇంకొకటి ఉంటే రెండూ రాయండి, ఏది ఎక్కడిదో కూడా రాయండి. కలిపి ఒకటి చేయొద్దు.

దర్గా అయితే ముందు ముజావర్ గారిని (దర్గా చూసుకునే ఆయన్ని) అడగండి, చెప్పులు బయట, తల మీద రుమాలు. అడిగితే ఆయనే మీకు తెలియని మూల చూపిస్తాడు.

మొదటి రోజుకి కొలత టేపు, టార్చి, నోటుబుక్కు చాలు. గోల్ గుమ్మజ్ అయ్యాక ఆదోని జామియా మసీదుకి పోండి, అప్పటి ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ కట్టించింది, నగిషీ పని చూడ్డానికి ఒక పూట పడుతుంది. ఎండాకాలమైతే తొమ్మిదిలోపే ఫొటోలు ముగించేయండి.