జపాన్ పల్లెలో వేసవి సెలవులు: చిన్న గేమ్‌గా కట్టడం ఎలా

ఈ తరహా గేములకు బాట వేసింది 2000లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ‘బోకు నో నత్సుయాసుమి’. తొమ్మిదేళ్ళ కుర్రాడు, 1975 ఆగస్టు, పల్లెలో చుట్టాలిల్లు, 31 రోజులు. గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఒంటరిగానో ఇద్దరు ముగ్గురు కలిసో అలాంటిది కట్టాలనుకుంటే 31 రోజుల జోలికి పోకండి, ఏడు రోజులు చాలు. 1975 ఆగస్టు 10 ఆదివారం, 16 శనివారం. పితృదేవతల పండుగ ఓబోన్ 13 నుంచి 16 దాకా. కథకు కావలసిన ఎత్తుపల్లాలు ఆ వారంలోనే ఉన్నాయి.

బొమ్మలు గీయడానికి ముందు గడియారం తేల్చుకోండి. సెకన్లతో నడిచే గడియారం పెడితే ఆడేవాళ్ళు పరుగులు తీస్తారు, అప్పుడిక సెలవుల మాటే ఉండదు. దానికి బదులు, ఆరుబయట ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కి దాటినప్పుడల్లా ఆరు నిమిషాలు జరపండి. ఇంట్లో గదులు మారితే సున్నా. పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా 720 నిమిషాలు, అంటే 120 దాటుళ్ళు. ఒక్కో స్క్రీన్‌లో సగటున పది సెకన్లు గడిస్తే రోజుకు ఇరవై నిమిషాలు, ఏడు రోజులకు రెండు గంటల ఇరవై నిమిషాల ఆట. చేపలు పట్టడం లాంటి పనికి విడిగా అరగంట కోత పెట్టండి. పొద్దు వాలితే పెద్దవాళ్ళొకరు భోజనానికి కేకేసి ఇంటికి తీసుకెళ్ళాలి. ఆ కేక సంభాషణ మధ్యలో పడితే స్క్రిప్ట్ రెండుగా చీలి గేమ్ బిగుసుకుపోతుంది. కాబట్టి సమయం మించిందా లేదా అన్నది స్క్రీన్ దాటే క్షణంలోనే చూడండి, మధ్యలో వద్దు.

స్క్రీన్లు పన్నెండు పెట్టుకోండి: ఇల్లు, ఎంగవా అనే చెక్క వసారా, పొలం గట్టు, వాగు, గుడి మెట్లు, చిల్లర కొట్టు, అడవి అంచు, ఇలా. కదలని కెమెరా, వెనక గీసిన బొమ్మ, ముందు నడిచే పిల్లాడు. ప్రతి బొమ్మనూ పగలు, సాయంత్రం, రాత్రి అని మూడుసార్లు గీస్తే 36 అవుతాయి, అక్కడే చాలా ప్రాజెక్టులు అటకెక్కుతాయి. ఒక్కటే గీసి రంగు పూత మార్చండి. గేములు కట్టే గోడో (Godot) ఇంజిన్‌లో దీనికి కాన్వాస్ మాడ్యులేట్ అనే నోడ్ ఉంది, తెర మొత్తానికీ ఒక రంగు పూస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళను సాయంత్రానికి 255, 190, 130గా, రాత్రికి 70, 85, 140గా మొదలుపెట్టి కంటికి నచ్చేదాకా సవరించుకోండి. అయితే ఆ పూత దీపాలను కూడా చీకటి చేసేస్తుంది. కిటికీ వెలుగును ఆ పూత తగలని వేరే పొరలో, అంటే ఇంకో కాన్వాస్ లేయర్‌లో పెడితే వెలుగు వెలుగులాగే ఉంటుంది.

కదలని కెమెరాతో తప్పక వచ్చే తలనొప్పి ఒకటుంది. పిల్లాడు కుడి బటన్ నొక్కిపెట్టి గట్టు మీద నడుస్తున్నాడు. స్క్రీన్ మారింది, కొత్త బొమ్మలో కెమెరా అవతలి వైపు ఉంది. ఇప్పుడు ‘కుడి’ అంటే వచ్చిన దారే. వెనక్కి వెళ్తాడు, పాత స్క్రీన్‌లో మళ్ళీ ముందుకు, అలా గుమ్మం దగ్గరే కొట్టుకుంటాడు. దాటినప్పుడల్లా ఆరు నిమిషాలు కదా, మధ్యాహ్నమంతా అక్కడే ఆవిరైపోతుంది. మందు రెండు భాగాలు. బటన్ వదిలేదాకా పాత దిక్కునే కొనసాగించండి. కొత్త స్క్రీన్‌లో పిల్లాణ్ణి గుమ్మం గీతకు కనీసం 40 పిక్సెళ్ళు లోపల దించండి.

బొమ్మల కంటే శబ్దానికి ఎక్కువ శ్రమ పెట్టండి. జపాన్‌లో వేసవి గడియారం సికాడాలే, అంటే చెట్లమీద రొదపెట్టే కీచురాళ్ళే. పగటి ఎండలో నూనె మరుగుతున్నట్టు అరిచే రకం అబురాజెమి. తెల్లవారుజామున, పొద్దువాలాక ‘కనకనకన’ అంటూ హిగురాషి. నెల రెండో సగంలో జోరందుకునే త్సుకుత్సుకుబోషి గొంతు వినగానే సెలవులు అయిపోతున్నాయని అక్కడి పిల్లలకు గుబులు. దాన్ని మొదటి రోజే వినిపిస్తే మీ దగ్గరున్న మంచి పావు వృథా. 15 దాకా దాచండి. ఒకే లూప్ తిప్పితే అయిదు నిమిషాల్లో చెవి పట్టేస్తుంది. 37 సెకన్లదొకటి, 53 సెకన్లదొకటి కలిపి వదలండి, రెండూ మళ్ళీ ఒకచోట కలవడానికి అరగంట పైనే పడుతుంది. ఇంట్లోకి రాగానే కీచు శబ్దాలను ఆపే లో-పాస్ ఫిల్టర్‌ను 1200 హెర్ట్జ్ దగ్గర పెట్టి, పది డెసిబెళ్ళు తగ్గించండి.

పనుల జాబితా, బాణం గుర్తులు, శాతాలు వద్దు. రేపటి మీద ఆశ పుట్టించేది ఒక్కటుంటే చాలు. ఉదాహరణకు కొమ్ముపురుగుల ఉచ్చు: షోచు సారాలో నానబెట్టిన అరటిపండును సాయంత్రం కునుగి అనే ఓక్ చెట్టుకు కట్టడం, తెల్లారాక వెళ్ళి చూడటం. ఏం పడిందో కట్టిన రాత్రే తేల్చి సేవ్‌లో రాయండి. ఉదయం తేలిస్తే మంచి పురుగు పడేదాకా లోడ్ చేస్తూ కూర్చుంటారు.

కాలం తప్పకుండా చూడాల్సినవి కొన్ని. 1975లో వినియోగ పన్ను లేదు, అది వచ్చింది 1989లో. కొట్లో ధర చీటీ మీద ఎంతుంటే అంతే. రేడియోలో వచ్చే పాటకు పిల్లలు చేసే వ్యాయామం ఉదయం 6:30కి, అంటే ఆట గడియారం మొదలవకముందే, మెడలో వేలాడే కార్డు మీద రోజూ ముద్ర. 13న పితృదేవతలను పిలిచే మంట, 16న సాగనంపే మంట. దోసకాయకు పుల్లలు గుచ్చితే త్వరగా రావడానికి గుర్రం, వంకాయకు గుచ్చితే నెమ్మదిగా వెళ్ళడానికి ఆవు. ఓబోన్ తర్వాత నీళ్ళలో దిగొద్దని పెద్దలంటారు. 16న వాగును మూసేయాలంటే కంచె అక్కర్లేదు, ఈ మాట చాలు.

రాత్రి బొమ్మల డైరీయే సేవ్ పాయింట్. ప్రతి సంఘటనకూ దాని స్థాయిని బట్టి మార్కులు ఇవ్వండి, పడుకునే ముందు ఎక్కువ మార్కులున్నది పేజీగా మారుతుంది. ఏడు రోజులకు పదిహేను బొమ్మలు గీసుకోండి. ఒకసారి వాడినదానికి గుర్తు పెట్టకపోతే అదే చేప మూడు రాత్రులు కనబడుతుంది. ఏమీ జరగని రోజుకూ ఒక బొమ్మ ఉండాలి, వసారాలో బోర్లా పడుకున్న పిల్లాడనుకోండి. అదే అందరికీ నచ్చే బొమ్మ అయితే ఆశ్చర్యపోకండి.

చివరి రాత్రిని విడిగా పరీక్షించండి. ‘బోకు నో నత్సుయాసుమి’ వరుస గేముల్లో ఒకదానిలో ఒక బగ్ వల్ల ‘ఆగస్టు 32’ వచ్చేది: ఊళ్ళో మనుషులు ఉండరు, బొమ్మలు చెదిరిపోతుంటాయి. జపాన్‌లో అదిప్పటికీ దెయ్యం కథలా చెప్పుకుంటారు. తేదీని ఒకటి పెంచే ముందు అది 16 అవునో కాదో చూసి, అయితే సేవ్ చేయనివ్వకుండా నేరుగా ముగింపు సన్నివేశానికి పంపండి. తర్వాత 15 రాత్రి నాటి సేవ్‌ను చేత్తో మార్చి 17 అని రాసి, లోడ్ చేసి చూడండి.