సిరామిక్ ప్రింట్‌ను ఫర్నేస్‌లో పెట్టే ముందు

అల్యూమినానో జిర్కోనియానో (సిరామిక్ పొడులు) కలిపిన రెజిన్‌తో, అంటే వెలుతురు తగిలితే గట్టిపడే ద్రవంతో, చిన్న నాజిళ్లు, ఇన్సులేటర్లు ప్రింట్ చేసేవాళ్లకు అసలు టెన్షన్ ప్రింటర్ దగ్గర కాదు, ఫర్నేస్ దగ్గర. ప్రింటర్ నుంచి తీసిన ముక్కలో ఘనపరిమాణం లెక్కన దాదాపు సగం రెజినే. అదంతా కాలిపోవాలి. ముక్కలు పగిలేదీ, గది పొగతో నిండేదీ అప్పుడే.

రెజిన్ ఎక్కువగా 200 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ మధ్య పోతుంది. అక్కడ వేడిని నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున పెంచినా చాలాసార్లు ఎక్కువే. లోపల పుట్టిన వాయువుకు దారి దొరక్కపోతే ముక్క పొరలుగా విడిపోతుంది. కాబట్టి డిజైన్‌లోనే గోడలు పలచగా, అన్నిచోట్లా ఒకే మందంగా ఉంచండి. ఫర్నేస్‌లో ముక్క కుదించుకుపోతుంది, ఆ కుదింపు లెక్క కూడా డిజైన్‌లోనే చూసుకోవాలి. పొడవు 20 శాతం తగ్గుతుందంటే 1.20 రెట్లు పెంచితే చాలదు, 1.25 రెట్లు పెంచాలి. 10 మిల్లీమీటర్లు కావాలంటే 12.5 ప్రింట్ చేయాలన్నమాట. నిలువు దిశలో కుదింపు కాస్త తేడాగా ఉంటుంది, దాన్ని విడిగా కొలవండి.

రెజిన్ కాలేటప్పుడు వచ్చే పొగ పీల్చకూడదు, దానికి నిప్పు కూడా అంటుకోగలదు. పొగ బయటికి లాగే ఫ్యాన్, గొట్టం లేకుండా ఫర్నేస్ ఆన్ చేయొద్దు. ఇంట్లో అయితే అసలే వద్దు. వానాకాలంలో ఇంకో తలనొప్పి, కరెంటు. పోయి వచ్చాక కంట్రోలర్ ఆగిపోతుందా, మొదటికొస్తుందా, పూర్తి వేడితో పరుగెడుతుందా? ఖాళీ ఫర్నేస్‌తో ముందే పరీక్షించండి.

రెజిన్ పోయిన ముక్క సుద్దలా ఉంటుంది, కదిపితే విరుగుతుంది. అది గట్టి సిరామిక్‌గా మారాలంటే ఇంకా ఎక్కువ వేడి కావాలి. అదే ఫర్నేస్ 1600 డిగ్రీల దాకా వెళ్లగలిగితే ముక్కను కదపకుండా అలాగే కొనసాగించడం మేలు. చల్లారేదాకా తలుపు తీయకండి.

ఇంకా గట్టిపడని పచ్చి రెజిన్‌ను నైట్రైల్ గ్లౌజులతోనే ముట్టుకోండి, తడిసిన జత వెంటనే మార్చేయండి. ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే సాధారణంగా వదలదు. సానపట్టాల్సి వస్తే తడిపి చేయండి, ఎన్95 మాస్క్ తప్పనిసరి. సిలికా ఉన్న రెజినైతే మరీ జాగ్రత్త, ఆ దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది.

ప్రింట్‌ను కడిగే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది, ఫర్నేస్ గదిలో దాని డబ్బా పెట్టొద్దు. కడిగిన ముక్క బాగా ఆరాకే లోపల పెట్టండి. వాడేసిన ద్రవాన్ని సింకులో పోయకుండా మూతపెట్టి, రసాయన వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి.