వీసీ సంస్థ టాలెంట్ టీమ్‌ను ఫౌండర్ ఎలా వాడుకోవాలి?

పెట్టుబడి ఖరారయ్యే ముందు జరిగే చర్చల్లో వెంచర్ క్యాపిటల్ (వీసీ) సంస్థలు, అంటే కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని డబ్బు పెట్టేవి, వాటి ఫౌండర్లకు (వ్యవస్థాపకులకు) తరచుగా చెప్పే మాట ఒకటుంది: మనుషులను వెతికిపెట్టడానికి తమ దగ్గర ప్రత్యేకంగా టాలెంట్ టీమ్ ఉందని. 2009లో మార్క్ ఆండ్రీసెన్, బెన్ హొరోవిట్జ్ కాలిఫోర్నియాలో తమ వీసీ సంస్థను ప్రారంభించినప్పుడు, హాలీవుడ్ నటులకూ దర్శకులకూ అవకాశాలు కుదిర్చే క్రియేటివ్ ఆర్టిస్ట్స్ ఏజెన్సీని నమూనాగా తీసుకుని, పెట్టుబడితోపాటు నియామకాల్లోనూ ప్రచారంలోనూ సాయపడే బృందాలను నిర్మించారు. ఆ పద్ధతి తర్వాత ఇతర సంస్థలకూ పాకి, మన దేశంలోని ఫండ్లకూ, అంటే వీసీ సంస్థలకూ, వచ్చింది. అయితే ఈ బృందం దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ముందే తెలుసుకోని ఫౌండర్లు మొదట్లో దానిపై అతిగా ఆశపెట్టుకుని, ఆశించింది జరగకపోయేసరికి దాన్ని పూర్తిగా పక్కన పెట్టేస్తారు.

టాలెంట్ టీమ్ మీ హెచ్‌ఆర్ విభాగం కాదు. వారికి జీతమిచ్చేది ఫండ్. ఆ ఖర్చు సాధారణంగా, ఫండ్‌లో డబ్బు పెట్టినవారి నుంచి అది తీసుకునే నిర్వహణ రుసుము నుంచే వస్తుంది. నలుగురైదుగురు ఉండే బృందం పదుల సంఖ్యలో కంపెనీలకు సమాధానం చెప్పుకోవాలి. అందువల్ల సీటీఓ (సాంకేతిక విభాగాధిపతి), సీఎఫ్ఓ (ఆర్థిక విభాగాధిపతి), సేల్స్ హెడ్ వంటి కీలక పదవులకే వారి సమయాన్ని అడగండి. పదిమంది జూనియర్ డెవలపర్లు కావాలంటే సొంతంగా ఒక రిక్రూటర్‌ను పెట్టుకోవడమే మేలు.

టర్మ్ షీట్‌పై (పెట్టుబడి ప్రధాన షరతుల పత్రంపై) సంతకం చేయకముందే ఈ బృందం పనితనాన్ని ఆరా తీయాలి. ఆ ఆరా పెట్టుబడిదారుల దగ్గర కాదు, అదే ఫండ్ నుంచి డబ్బు తీసుకున్న, మీ స్థాయిలోనే ఉన్న మరో ఇద్దరు ముగ్గురు ఫౌండర్ల దగ్గర తీయండి. ఎన్ని పరిచయాలు చేశారని అడిగితే పెద్ద అంకె వినిపిస్తుంది. వారిలో ఎందరు చేరారు, ఏడాది తర్వాత ఎందరు మిగిలారు అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

పని అప్పగించేటప్పుడు మీరు రాసిచ్చే వివరణ మీదే ఫలితం చాలావరకు ఆధారపడుతుంది. ‘అనుభవమున్న సేల్స్ హెడ్ కావాలి’ అని పంపితే, పెద్ద కంపెనీల్లో పెద్ద జట్లను నడిపినవారి ప్రొఫైళ్లు వరుసగా వస్తాయి. దానికి బదులు ఇలా రాయవచ్చు: ‘మేము విజయవాడ, గుంటూరు, వరంగల్ వంటి నగరాల్లోని వంద పడకల స్థాయి ఆసుపత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముతున్నాం. ఒక్కో ఒప్పందం కుదరడానికి నాలుగైదు నెలలు పడుతుంది. ఇప్పటివరకు ఫౌండరే స్వయంగా అమ్ముతున్నారు. వచ్చేవారు మొదటి ఆరు నెలలు తామే ఆసుపత్రుల చుట్టూ తిరిగి, ఆ తర్వాత ముగ్గురిని నియమించుకోవాలి.’ ఈ నాలుగు వాక్యాలు చదివిన టాలెంట్ పార్ట్‌నర్‌కు (టాలెంట్ టీమ్‌లో మీ పని చూసే వ్యక్తికి) ఎవరిని వదిలేయాలో వెంటనే తెలుస్తుంది. ఆపైన మొదటి విడత ప్రొఫైళ్లు వచ్చినప్పుడు ‘నచ్చలేదు’ అని ఊరుకోకుండా ఒక్కొక్కరు ఎందుకు సరిపోరో కారణం రాసి పంపండి; రెండో విడత ఎంత మెరుగ్గా వస్తుందన్నది ఆ కారణాలను బట్టే ఉంటుంది. పరిచయం చేసిన అభ్యర్థితో రెండు రోజుల్లో మాట్లాడండి. వారాల తరబడి నాన్చే కంపెనీకి టాలెంట్ టీమ్ మంచి మనుషులను పంపడం మానేస్తుంది, అందులో తప్పేమీ లేదు.

బయటి సెర్చ్ సంస్థను (రుసుముకు మనుషులను వెతికిపెట్టే కంపెనీని) పెట్టుకోవలసి వస్తే, పెద్ద పదవులకు అవి తొలి ఏడాది జీతంలో దాదాపు మూడో వంతు వరకు అడుగుతాయి. ఆ సంస్థలో మీ పని నిజంగా చేసే కన్సల్టెంట్ ఎవరో, వారి పనితీరు ఎలాంటిదో టాలెంట్ టీమ్‌కు తెలిసి ఉంటుంది. నా దృష్టిలో ఇది వారు చేసే పరిచయాలకంటే విలువైన సాయం.

జీతం, ఈసాప్స్ (ముందే నిర్ణయించిన ధరకు కంపెనీ షేర్లు కొనేందుకు ఉద్యోగులకిచ్చే హక్కు) నిర్ణయించడంలోనూ వారిని అడగండి, ఎందుకంటే మీ స్థాయి కంపెనీలు ఎంతిస్తున్నాయో ఒకేచోట చూడగలిగేది వారే. మన చట్టం ప్రకారం ఈసాప్స్ మంజూరుకూ వెస్టింగ్‌కూ (ఆ హక్కు ఉద్యోగి చేతికి రావడానికీ) మధ్య కనీసం ఏడాది ఉండాలి. నాలుగేళ్ల వెస్టింగ్ వాడుకలో ఉంది. అభ్యర్థికి శాతం ఒక్కటే చెప్పి వదిలేయకుండా, షేర్ల సంఖ్య, ఎక్సర్‌సైజ్ ధర (షేరు కొనడానికి కట్టాల్సిన ధర), షేర్లుగా మార్చుకున్నప్పుడు పడే పన్ను, మధ్యలో మానేస్తే ఏమవుతుందన్నది ఒక కాగితం మీద రాసివ్వండి.

ఒక జాగ్రత్త. మీరు టాలెంట్ టీమ్‌తో చెప్పింది ఆ ఫండ్‌లో మీ పెట్టుబడి వ్యవహారం చూసే పార్ట్‌నర్ చెవిన పడుతుందనే అనుకోవాలి. సహ వ్యవస్థాపకుడితో విభేదాలుండి ఆ స్థానంలో మరొకరిని వెతుకుతుంటే, ముందుగా పార్ట్‌నర్‌తోనే నేరుగా మాట్లాడడం మర్యాద, క్షేమం కూడా. అలాగే వారు మెచ్చి పంపిన అభ్యర్థి అయినా రిఫరెన్స్ చెక్ (గతంలో కలిసి పనిచేసినవారి దగ్గర వాకబు) మీరే చేసుకోవాలి. ఆ అభ్యర్థి అదే ఫండ్‌కు చెందిన మరో కంపెనీలో పనిచేసి ఉంటే, అక్కడి ఫౌండర్‌తో మీరే ఫోన్‌లో మాట్లాడండి.

ఆఫర్ ఒప్పుకున్నాక కూడా పని మిగిలే ఉంటుంది. మన దగ్గర చాలా కంపెనీల్లో నోటీసు పీరియడ్ 90 రోజులు. ఈలోగా పాత యాజమాన్యం జీతం పెంచుతుంది, కొత్త ఆఫర్లు వస్తాయి. నోటీసు బయౌట్‌కు (మిగిలిన నోటీసు రోజులకు పాత కంపెనీకి డబ్బు కట్టి ముందే విడిపించడానికి) ఎంత భరించగలరో ముందే తేల్చుకుని, వారానికోసారి మీరు మాట్లాడుతూ, మధ్యలో ఒకసారి టాలెంట్ పార్ట్‌నర్ చేత విడిగా ఫోన్ చేయించండి. మీతో చెప్పలేని సందేహాన్ని అభ్యర్థి వారితో చెప్పే అవకాశం ఎక్కువ.